ఇంగ్లండు పెట్టెలు, మేత కొట్టు బాకీ

సమస్య:
మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రపొడ్డు ఊరు. రొయ్యల గుంటల మీదే బతుకు. మా ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఈమధ్య మాత్రం ఇంగ్లండు వేలంపాటల పిచ్చి పట్టింది. రాగి మీద ఎనామిల్ పూసి పూలు, బొమ్మలు వేసిన బుల్లి పెట్టెలవి. పాతకాలపు దొరలు పొడుం పోసుకునేవాళ్లట. రాత్రిళ్లు ఫోన్లో పాట పాడి వేలకు వేలు పోస్తున్నారు. ఏందండీ ఇది అంటే, "నీకు తెలవదు ఊరుకో. మన దుగరాజపట్నంలో 1626లోనే ఇంగ్లీషోళ్లు దిగారు, ఇదంతా మన చరిత్రే. అమ్మాయి పెళ్లినాటికి రేటు పెరిగితే లండన్‌లోనే అమ్ముదాం" అంటారు. మొన్న మేత కొట్టు బాకీకని దాచిన డబ్బు కూడా అటే పోయింది. మూత ఊడినవైనా అమ్మేయమంటే పలకరు. ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి

సలహా:
అమ్మా, మీవారి అభిరుచిని ఎగతాళి చెయ్యను. ఈ పెట్టెల కోసం పల్చటి రాగిరేకుకు రెండువైపులా గాజుపొడి పట్టించి కొలిమిలో కాల్చేవాళ్లు. ఒకవైపే పూస్తే చల్లారేటప్పుడు బీటలిస్తుంది. చెక్కిన పలక నుంచి బొమ్మను కాగితం మీదికి తీసి, పెట్టె మీద అద్ది, రంగులు చేత్తో దిద్దేవాళ్లు. మన పొడుంకాయకు ఇంత వైభోగం ఏనాడూ దక్కలేదు.

చరిత్ర మాటకొస్తే, 1639లో మద్రాసులో చోటు దొరికాక ఇంగ్లీషువాళ్లు దుగరాజపట్నం వదిలేశారు. ఈ పెట్టెలు ఆ తర్వాత వందేళ్లకు గానీ పుట్టలేదు. ఇంకొకటి, 'బాటర్సీ' పేరు చూసి ఆయన ఎగబడుతున్నారేమో కనుక్కోండి. లండన్‌లో ఆ పేరున్న ఎనామిల్ కార్ఖానా నడిచింది 1753 నుంచి 1756 దాకానే, యజమాని దివాలా తీయడంతో మూతపడింది. ఆ పేరుతో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ బిల్‌స్టన్, బర్మింగ్‌హామ్ వైపువి. కొన్ని ప్యారిస్‌లో సాంసన్ కంపెనీ తర్వాతి కాలంలో చేసిన నకళ్లు. ఫోన్లో ఫొటో చూసి ఆ తేడా పట్టడం కష్టం.

అసలు చిక్కు లండన్‌లో అమ్ముతామన్న మాటలో ఉంది. వందేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదని 1972 నాటి పురావస్తువుల చట్టం. తయారైంది ఇంగ్లండులో కదా అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో ముందు లాయరును అడగమనండి. ఇక్కడేమో వీటిని కొనేవాళ్లు అరుదు. అందుకే మూత ఊడినవి అమ్మమని పోరకండి, గొడవ తప్ప రూపాయి రాదు.

కాబట్టి అమ్మాయి పెళ్లి లెక్కలోంచి ఈ పెట్టెలను తీసేయండి. ఇది సరదా, సరదాకు ఎంత పెట్టాలో పంట చేతికొచ్చి, మేత, సీడు, కరెంటు బిల్లు పోయాక ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. పాటకు ముందే పై ధర కాగితం మీద రాయించండి. అందులోనే వేలం సంస్థ కమిషన్, రవాణా, కస్టమ్స్ సుంకం కలవాలి. పాడిన ధర మీద ఇవన్నీ ఎంత పడతాయో ఇదివరకటి బిల్లులు తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

ఉన్నవాటిని పొడిగా ఉంచండి. ఎనామిల్ రాలినచోట ఉప్పుగాలికి రాగి చిలుమెక్కుతుంది. రాగి కదా అని చింతపండేసి తోమించేరు, అంచుల మీది బంగారు పూత కాస్తా పోతుంది!

మేత బాకీ తీరేదాకా పాట పాడనని మాట తీసుకోండి. మాటిచ్చి కూడా చాటుగా పాడుతుంటే, దాన్ని జూదం అలవాటుగానే చూడాలి. నెల్లూరులో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, మీరూ వెంట వెళ్లండి.