టీకా మందు ఊరు చేరితే చాలదు

"పిల్లలకు టీకాలు ఎందుకు పూర్తికావు?" అని అడిగితే, "మన జనానికి తెలివి లేదండీ!" అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట అనేముందు స్థానిక ఆరోగ్యశాఖ పని ఎలా సాగుతుందో కొంచెం పరిశీలిద్దాం.

సార్వత్రిక టీకాల కార్యక్రమం మన దేశంలో 1985లో ప్రారంభమయింది. మందు ఉచితం. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండి రెండేళ్ళు నిండని పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడినవారు సుమారు 35 శాతమే. 2019-21 సర్వే నాటికి అది 76 శాతమయింది. అంటే దాదాపు నలుగురిలో ఒకరు మిగిలిపోయారన్నమాట.

ఆ నాలుగో బిడ్డ ఎవరు? ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఉపకేంద్రంలో ఆరు వారాలకు వేసే పెంటావాలెంట్ మొదటి మోతాదు 100 మందికి పడి, పద్నాలుగు వారాలకు వేసే మూడోది 80 మందికే పడిందనుకోండి. తక్కిన 20 మంది తల్లులూ టీకా అంటే గిట్టనివారు కారు. మొదటిసారి బిడ్డను చంకనెత్తుకుని వచ్చినవారే! మళ్ళీ ఎందుకు రాలేదు? సూది వేశాక జ్వరం వస్తుందని ముందుగా ఎవరూ చెప్పి ఉండరు. వచ్చిన రోజున ఏ.ఎన్.ఎం. ఉండకపోవచ్చు. లేదా కుటుంబం ఇటుక బట్టీల పనికి వలసపోయి ఉండవచ్చు. ఈ తగ్గుదల 10 శాతం మించితే సేవల్లోనే లోపం వెతకాలని ఆరోగ్య నిపుణులంటారు.

కాబట్టి స్థానిక శాఖ చేయవలసినవి ముఖ్యంగా మూడు. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ, వలస వచ్చినవారి పిల్లలతో సహా, జాబితాకెక్కించడం; మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో చెడకుండా ఊరు చేర్చడం; వేసిన టీకా ఏమిటి, జ్వరమొస్తే ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అనేవి తల్లికి చెప్పి, కార్డు భద్రంగా దాచుకోమనడం. ఢిల్లీ నుంచి మందు రావచ్చు గాని, ఏ గుడిసెలో ఏ బిడ్డ పుట్టిందో అక్కడివారికేం తెలుస్తుంది?

ఈ పద్ధతి ఫలితమిస్తుందనడానికి పోలియోయే సాక్ష్యం. కార్యకర్తలు ఇంటింటికీ, రైల్వే స్టేషన్లకూ, బట్టీలకూ వెళ్ళి చుక్కలు వేశారు. 2011 జనవరి తరువాత సహజ పోలియో వైరస్ కేసు మన దేశంలో నమోదు కాలేదు.

విద్యార్థులమైన మనం ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు వెళ్ళినప్పుడు రోడ్లు ఊడ్చి ఊరుకోకుండా, ఉపకేంద్రంలోని ఆ జాబితా చేతపట్టుకుని, మూడో మోతాదుకు రాని పిల్లల గడప తొక్కుదాం. ఉపన్యాసం కన్నా అది మేలు కాదంటారా?