810 మీద టోక్యో: ఒక పాత ట్రాన్సిస్టరు చెప్పిన పాఠం

కొన్నేళ్ళ క్రితం పదోన్నతి మీద నన్ను అస్సాంలోని డిబ్రూగఢ్‌కు బదిలీ చేశారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి మధ్యలో ఉంది. అందుకని తనూ, మావారూ విజయవాడలోనే ఉండిపోయారు. క్వార్టర్సులో నాకు తోడు మా నాన్నగారి పాత ట్రాన్సిస్టరు ఒక్కటే. దానితో నేను చేసిన ఒక పొరపాటునూ, దాన్ని దిద్దుకుంటూ నేర్చుకున్న నాలుగు విషయాలనూ మన బ్యాంకు కుటుంబాలతో, ముఖ్యంగా పిల్లలతో, పంచుకోవాలని ఈ వ్యాసం.

సైనికుల కోసం రేడియో

ఇంటికి దూరంగా ఉన్న తమ సైనికుల కోసం అమెరికా 1942లో ఒక రేడియో సేవ మొదలుపెట్టింది. 1943 జూలై 4న లండన్ నుంచి, యుద్ధం ముగిసిన 1945లో టోక్యో నుంచి ప్రసారాలు ప్రారంభమయ్యాయి. టోక్యో స్టేషన్‌ను చాలాకాలం ఫార్ ఈస్ట్ నెట్‌వర్క్ అనేవారు. 1997 నుంచి ఎ.ఎఫ్.ఎన్. టోక్యో అంటున్నారు. టోక్యో పక్కనే ఉన్న వాకోలోని 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి, మీడియం వేవ్‌లో 810 కిలోహెర్ట్జ్ మీద అది వస్తుంది. సైనిక రేడియో అనగానే రహస్య సంకేతాలేమో అనుకోకండి. పాటలు, వార్తలు, ఆటల వ్యాఖ్యానాలు ఉంటాయి. వ్యాపార ప్రకటనలు ఉండవు. వాటి బదులు సైనికులకు పనికొచ్చే సూచనలు చెబుతారు.

మనకూ ఇలాంటి రేడియోతో చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మౌంట్‌బాటన్ సేనల కోసం కొలంబోలో రేడియో సీయాక్ నడిచేది. యుద్ధం తర్వాత దాని ట్రాన్స్‌మిటర్లు సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. మన పెద్దవాళ్ళు తెలుగు పాటలు విన్న రేడియో సిలోన్‌కు బలం అక్కడి నుంచే వచ్చింది.

నా పొరపాటు

ఒక రాత్రి 9 గంటలకు 810 దగ్గర ముల్లు ఆపాను. గరగరల మధ్య ఎవరో ఇంగ్లీషులో వార్తలు చదువుతున్నారు. టోక్యో స్టేషన్ గురించి అంతకుముందే చదివి ఉన్నాను కనుక ఇక ఆలోచించలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, “అమ్మలూ, టోక్యో నుంచి అమెరికా సైనికుల రేడియో వింటున్నానే!” అన్నాను. మా అమ్మాయి సంబరపడిపోయి, స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్‌కు అదే అంశం తీసుకుంది. చార్టు మీద “మా అమ్మ విన్న టోక్యో” అని పెద్ద అక్షరాలతో శీర్షిక కూడా రాసేసింది.

రెండు రోజుల తర్వాత అదే సమయానికి మళ్ళీ పెట్టాను. ఈసారి మొదటి వాక్యమే స్పష్టంగా వినపడింది: “దిస్ ఈజ్ ఆల్ ఇండియా రేడియో.” 810 మీద మన ఆకాశవాణి రాజ్‌కోట్ కేంద్రం కూడా ఉంది. దాని శక్తి 300 కిలోవాట్లు!

కోరుకున్నదానికే ఆధారాలు వెతుక్కునే ఈ బలహీనత మీద ఎం.బి.ఎ.లో పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఖాతా తెరవడానికి వచ్చినవారు పేరు చెబితే చాలదని, గుర్తింపు పత్రం చూడాలని రోజూ కౌంటర్లో చెప్పేదాన్నీ నేనే. ఆ రాత్రే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత, “అయితే నిజంగా వినడం కుదురుతుందా, కుదరదా అమ్మా? ఎగ్జిబిషన్‌కు ఇంకా మూడు వారాలుంది” అంది.

పగలు ఎందుకు వినపడదు?

జవాబు కోసం పాఠం మొదటి నుంచి చదివాను. భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఎండ వల్ల ఏర్పడే ‘డి’ అనే పొర ఉంటుంది. పగటిపూట మీడియం వేవ్ తరంగాలను అది మింగేస్తుంది. అందుకే పగలు దగ్గరి స్టేషన్లే వినిపిస్తాయి. పొద్దు గూకాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్ళి, అక్కడి నుంచి వంగి నేలకు దిగి, మళ్ళీ పైకి లేచి, ఇలా వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి.

పిల్లలకు చిన్న లెక్క: మన వైపు మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, టోక్యో 810. అన్నిటినీ 9తో భాగించి చూడండి, శేషం మిగలదు.

మన గడియారమే దారి చూపింది

డిబ్రూగఢ్‌లో డిసెంబరులో సాయంత్రం 4:20కే పొద్దు గూకుతుంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో 6 గంటలు దాటాలి. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా, సూర్యుడికి ఆ రెండు ఊళ్ళ మధ్య గంటన్నర పైనే తేడా. ఆ వ్యవధిలో టోక్యో నుంచి నా దాకా ఉన్న 4,300 కిలోమీటర్ల దారంతా చీకటే. రాజ్‌కోట్ దారిలో మాత్రం ఇంకా ఎండ ఉంటుంది. అంటే పెద్ద గొంతు నిద్రలేవకముందే చిన్న గొంతు వినాలన్నమాట.

బ్యాంకు పనివేళలు కనుక నాకు రెండో, నాలుగో శనివారాలు, ఆదివారాలే వీలు. మొదటి రెండు ప్రయత్నాల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఎల్.ఇ.డి. బల్బులు, ఫోన్ చార్జర్లు చేసే రొద అది. మూడోసారి అన్నీ ఆపేసి, రేడియోను వరండాలోకి తెచ్చి మెల్లగా తిప్పాను. లోపలి ఫెర్రైట్ కడ్డీకి దిశ ముఖ్యం. ఒక పక్కకు తిప్పగానే ఇంగ్లీషు పాట ఒకటి తేలుతూ మునుగుతూ వచ్చింది. ఇంటికి ఫోన్ చేయలేదు. రికార్డింగు నొక్కి కూర్చున్నాను. మనకు 5:30 అయితే టోక్యోలో సరిగ్గా రాత్రి 9. స్టేషన్లు తమ పేరు చెప్పుకునేది గంట కొట్టే వేళకే. ఆ సమయానికి “ఈగిల్ 810” అన్న మాట, వెంటనే వార్తలు వినిపించాయి. ఆరు దాటేసరికి రాజ్‌కోట్ వచ్చి దాన్ని కప్పేసింది.

రికార్డింగు పంపాను. మా అమ్మాయి నాలుగుసార్లు విని, పేరు తన చెవికీ అందాకే ఒప్పుకుంది. చార్టు శీర్షిక కొట్టేసి, “మా అమ్మ విన్న రాజ్‌కోట్, తర్వాత టోక్యో” అని మార్చింది. పొరపాటు సంగతి తీసేయమని నేను బతిమాలినా వినలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ ప్రశ్నలు వేసింది దాని గురించేనట.

మీ ఇంట్లో అటక మీద పాత ట్రాన్సిస్టరు ఉంటే ఈ చలికాలం దించండి. పిల్లలకు ఒక నోట్‌బుక్ ఇచ్చి తేదీ, సమయం, కిలోహెర్ట్జ్, చెవికి అందిన మాటలు రాయమనండి. స్టేషన్ పేరు గడి మాత్రం, ఆ పేరు స్వయంగా వినేదాకా ఖాళీగానే ఉంచమనండి.