కావేరిలో మూపురపు మహసీరు

నదిలో చేపపిల్లలను విడుచుట ఎప్పుడును పుణ్యకార్యమే యని పలువురు తలంతురు. ఏ చేపను ఏ నదిలో విడుచుచున్నామో ముందుగా విచారించుకొనవలెను.

మూపురపు మహసీరు కావేరిలోను, దాని ఉపనదులలోను తప్ప మరెక్కడను పుట్టదు. నారింజరంగు వాజములు, తలవెనుక ఎత్తైన మూపురము దీని గుర్తులు. 1946లో కబిని నదిలో గాలమునకు చిక్కిన చేప 120 పౌనులు తూగినది.

గాలపు వేట కొరకు లోనావ్లాలో పొదిగించిన నీలివాజముల మహసీరు పిల్లలను కావేరిలో విడిచిరి. ఇది పరదేశపు చేప కాదు, కృష్ణానది ఎగువ పాయలది. కనుకనే దీనివలన కీడు కలుగునని తోచుట కష్టము.

1998 నుండి 2012 వరకు వేటగాండ్రు వ్రాసియుంచిన లెక్కలు చూడుడు. నీలివాజములవి ఏటేట ఎక్కువగా పడినవి. మూపురపువి అరుదైనవి, పడిన కొద్దియు పెద్దవే. పెద్ద చేప పడినదని సంతోషింపరాదు. దూడలు లేని మందలో ముసలి ఆవులే మిగిలినట్లు, క్రొత్త పిల్లలు ఎదిగిరాలేదన్నమాట! ఆనకట్టలు, ఇసుక త్రవ్వకము, మందుగుండు వేట కూడ దీనిని దెబ్బతీసినవి.

దీని శాస్త్రీయనామము 'టార్ రెమాదేవి' యని 2018లో గాని నిర్ధారణ కాలేదు. ఆ యేడే దీనిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న జీవుల పట్టికలో చేర్చిరి.

చెరువు కొరకు కొన్న పిల్లలలో మిగిలినవానిని వాగులో పారబోయకుడు. వానలకు ముందే అలుగునకు సన్నకన్నుల జాలీ బిగింపుడు.