మనుష్యులను చేర్చి సంపాదించు రాబడి



కోయంబత్తూరులోను మదురైలోను మన తెలుగు కుటుంబములు తరతరములుగా ఒకరినొకరు నమ్ముకొని బ్రతుకుచున్నవి. గొలుసుకట్టు వ్యాపారమునకు కావలసినది ఆ నమ్మకమే. కొన్ని సంవత్సరముల క్రితము ఒక కంపెనీవారి కూటమునకు మన సంఘపు హాలు ఇచ్చితిమి. పెద్దలమైన మేము వెనుక బల్లపై కూర్చుంటిమి గాని ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. కొందరు తల్లులు నగలు కుదువబెట్టి చేరిరి. ఆ నగలన్నియు తిరిగి ఇల్లు చేరలేదు. గనుక ఈ పాఠము మొదట మాకే.

చట్టమేమి చెప్పుచున్నది? 1978లో పార్లమెంటు ప్రైజు చిట్టీలను, డబ్బు చలామణీ పథకములను నిషేధించెను. సభ్యులను చేర్చినచో డబ్బు ఇచ్చెదమను పథకము దీని క్రిందకు వచ్చును. నడుపుట మాత్రమే కాదు, చేరుట, పాల్గొనుట, ఆ డబ్బు పుచ్చుకొనుట కూడ నిషేధమే. శిక్ష మూడేండ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. "అక్క చేర్చింది, నేను చేరాను" అనుట జవాబు కాదు.

"మేము సరుకు అమ్ముచున్నాము గదా" అని కొందరందురు. 2007లో ఆమ్‌వే కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సరుకు ఉన్నను సభ్యులను చేర్చి కమీషను పొందు ఆ పద్ధతి ఈ చట్టమునకు లోబడినదే అని తీర్పు చెప్పెను.

అయితే ఇంటింటికి సరుకు అమ్ముట నేరము కాదు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమములు దానికి హద్దులు పెట్టినవి. చేరుటకు రుసుము పుచ్చుకొనరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందముండవలెను. గుర్తింపు కార్డు లేక, ముందుగా చెప్పక ఇంటికి రారాదు. గొలుసు పథకము నడుపరాదు.

ఇప్పుడు ఒక లెక్క చేయుదము. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చవలెననుకొందము. 6, 36, 216 అని పెరిగి పదవ వరుస ముగియునప్పటికి మొత్తము 7,25,59,410 మంది కావలెను. 2011 జనాభా లెక్కలలో తమిళనాడు అంతయు కలిపి సుమారు 7 కోట్ల 21 లక్షలే! చివరి వరుసవారు ఎవరిని చేర్తురు? నష్టపోవువారు ఎప్పుడును వారే, వారే అందరికన్న ఎక్కువమంది.

2024 జనవరిలో కోయంబత్తూరులో మైవి3 యాడ్స్ అను సంస్థపై కేసు నమోదైనప్పుడు, దాని సభ్యులు వేలమంది నీలంబూరులో కూడి సంస్థ పక్షమున నిలిచిరి. తీర్పు న్యాయస్థానము పని. చేరినవారే కావలివారగుదురని మనము గమనింపవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. ఈ రాబడి సరుకు వాడుకొనువాని నుండి వచ్చునా, కొత్తగా చేరువాని నుండి వచ్చునా?
2. ఎవరినీ చేర్చకపోయినను గిట్టుబాటగునా?
3. నష్టము వచ్చినచో ఆదివారము ఆ సహోదరి ముఖము చూడగలమా?

అనుమానమున్నవారు డబ్బు కట్టకముందే 1915 అను వినియోగదారుల సహాయ నంబరుకు ఫోను చేయవచ్చును. ఇకమీదట సంఘపు హాలు గాని, సభ్యుల చిరునామాల పుస్తకము గాని ఏ చేర్పు కూటమునకును ఇయ్యము. చేరి నష్టపోయినవారు సిగ్గుపడక మాయొద్దకు రండి. ఆనాడు అడుగవలసిన ప్రశ్న అడుగనివారము మేమే.