ఇంటి రాబడి, పిల్లల పెంపకము

మన సంఘములలో రెండు మాటలు తరచుగా వినబడుతుంటాయి. "చేతిలో నాలుగు డబ్బులుంటే మా పిల్లల్ని ఇంకా బాగా పెంచుకొనేవాళ్లము" అనేది ఒకటి. "డబ్బు ఎక్కువై వాళ్ల పిల్లలు చెడిపోయారు" అనేది రెండవది. ఒక్కోసారి ఒకే మనిషి ఈ రెండూ అంటాడు. మొదటిది తన ఇంటిని గురించి, రెండవది ఎదురింటిని గురించి! ఇందులో నిజమెంతో ఈ పాఠములో చూద్దాము.

ఈ సంగతి తేల్చడము సులభము కాదు. కలిగినవారికీ లేనివారికీ డబ్బులోనే గాక చదువులో, ఉండే పేటలో, ఉద్యోగములో, ఆరోగ్యములో కూడ తేడాలుంటాయి. పిల్లవాడి నడవడికకు వీటిలో ఏది కారణమో ఎలా చెప్పగలము? అవే కుటుంబములు అక్కడే ఉండగా, వారి ప్రయత్నము లేకుండా రాబడి మాత్రము పెరిగితే అప్పుడు తెలుస్తుంది. అలాంటిది ఒకచోట నిజముగానే జరిగింది.

అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రపు కొండ ప్రాంతములో చెరోకీ అనే ఆదివాసీ తెగవారు నివసిస్తున్నారు. 1993లో కొందరు పరిశోధకులు ఆ ప్రాంతములో 9 నుండి 13 ఏళ్ల వయస్సు పిల్లలు 1,420 మందిని ఎంచుకొని, ఏటేటా వారి మనఃస్థితిని, ప్రవర్తనను పరిశీలించసాగారు. వారిలో సుమారు నాలుగవ వంతు ఆదివాసుల పిల్లలు. ఇంతలో ఆ తెగవారి భూమిలో ఒక జూదశాల తెరవబడింది. దాని లాభములో కొంత భాగమును తెగలోని ప్రతి మనిషికీ పంచసాగారు. జూదపు సొమ్మును మనము మెచ్చుకోము, ఆ జూదములో పోగొట్టుకొన్నవారికీ పిల్లలుంటారు గదా. అయినను డబ్బు వచ్చిన ఇండ్లలో ఏమి జరిగిందో తెలుసుకోవడము మనకు ఉపయోగమే.

ఆ ఫలితములు 2003లో ప్రచురింపబడ్డాయి. డబ్బు రాకముందు పేద ఇండ్ల పిల్లలలో మొండితనము, దొంగతనము, కొట్లాటలు, ఎదురు తిరగడము వంటివి ఎక్కువగా ఉండేవి. బీదరికము నుండి బయటపడిన కుటుంబములలో నాలుగేండ్లలో అవి తగ్గి, ఎన్నడూ బీదరికము ఎరుగని పిల్లలతో సమానమయ్యాయి. బీదరికములోనే మిగిలిపోయిన ఇండ్లలో అవి తగ్గలేదు. అయితే దిగులు, భయము, కుంగుదల మాత్రము డబ్బు వచ్చినంతమాత్రాన తగ్గినట్లు కనబడలేదు. ఈ చివరి మాట మరచిపోకూడదు.

మార్పు ఎలా వచ్చిందని వారు వెదకితే, ముఖ్యముగా ఒక్కటే కనబడింది. తల్లిదండ్రులకు పిల్లల మీద కన్ను వేసి ఉంచడానికి తీరిక చిక్కింది. పిల్లవాడు బడి నుండి ఎప్పుడు వచ్చాడు, ఎవరితో తిరుగుతున్నాడు, చీకటి పడినా ఎందుకు రాలేదు అని అడిగే మనిషి ఇంటిలో ఉన్నాడు. కొత్త బట్టలకంటె, బొమ్మలకంటె ఇదే పని చేసింది. ఆ తల్లిదండ్రులు అంతకుముందు ప్రేమ లేనివారేమీ కారు.

తీరికతోబాటు మనస్సు సంగతి కూడ ఉంది. తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతములలో 464 మంది చెరకు రైతులను కోతకు ముందొకసారి, కోత డబ్బు చేతికి వచ్చాక ఒకసారి పరీక్షించారు. 2013లో ప్రచురింపబడిన ఆ పరిశోధన ప్రకారము, అదే రైతు డబ్బు ఇబ్బందిలో ఉన్నప్పటికంటె కోత తరువాత బాగా ఆలోచించగలిగాడు. అప్పు చింత బుర్రలో కూర్చుంటే పక్కనున్న పిల్లవాని మాట చెవికెక్కదు. నెలాఖరున ఇంటిలో అరుపులు ఎందుకు ఎక్కువో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1930లలో అమెరికాలో ఉద్యోగములు పోయిన కాలమును గ్లెన్ ఎల్డర్ అనే పండితుడు పరిశీలించి 1974లో గ్రంథము వ్రాశాడు. రాబడి పడిపోయిన ఇండ్లలో అన్నిచోట్ల పిల్లలు చెడిపోలేదు. మగపిల్లలు చిన్న పనులకు పోయి సంపాదించారు, ఆడపిల్లలు ఇంటి బాధ్యత ఎత్తుకొన్నారు, అందులో ఎందరో గట్టిపడ్డారు. తండ్రి అవమానము భరించలేక చిరాకుపడి, ఈరోజు కొట్టి రేపు ముద్దుచేసే ఇండ్లలోనే పిల్లలకు ఎక్కువ హాని కలిగింది.

ఇక మన సంగతి. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన తరువాత అక్కడి ఎన్నో కుటుంబములవారు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరడము అలవాటు చేసుకొన్నారు. అక్కడి రాబడి ఇంటి పొయ్యిని నిలబెట్టింది. కాని పిల్లవాడు లేచేసరికి తండ్రి ఇంట లేడు, తండ్రి వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోయాడు. షోలాపూరులో మన తెలుగు తల్లులు ఎందరో ఇంటి గడపలో కూర్చొని బీడీలు చుట్టారు. మనిషి ఇంట్లోనే ఉంటుంది, చేతికీ కంటికీ మాత్రము తీరిక ఉండదు. ఇలాంటి తల్లిదండ్రులను "పిల్లల్ని పట్టించుకోరు" అని గుడి మెట్ల మీద నిలబడి నిందించడము న్యాయము కాదని నా అభిప్రాయము.

కలిగిన ఇండ్లు తప్పించుకొన్నాయనుకోవద్దు. సంపన్నుల పేటలలోని యౌవనస్థులలో మత్తు అలవాట్లు, కుంగుదల ఎక్కువగా కనబడినట్లు సునియా లూథర్ అనే పరిశోధకురాలు అమెరికాలో చూపించింది. మార్కుల కొరకైన ఒత్తిడి, తల్లిదండ్రులకు దూరము కావడము ఇందుకు కారణములని ఆమె చెప్పింది. యాజకుడైన ఏలీ ఇంటిలో తిండికి కరువు లేదు, ఆయన కుమారుల సంగతి మనకు తెలిసినదే. ఆయన కుమారులను మందలించాడు గాని అడ్డగించలేదు.

కాబట్టి సంఘము చేయగల పనులు చిన్నవే గాని పనికొచ్చేవి. బడులు తెరిచే నెలలో ఫీజు కొరకు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోకుండా, సంఘపు సొమ్ములోనుండి వడ్డీ లేని అప్పు ఇవ్వవచ్చును. సాయంత్రము నాలుగు నుండి ఏడు వరకు ప్రార్థన మందిరము తలుపులు తెరచి, పదవీ విరమణ చేసిన పెద్దలలో ఇద్దరు కూర్చుంటే చాలు, పనికిపోయిన తల్లుల పిల్లలకు కనిపెట్టే కన్నులు దొరుకుతాయి. పిల్లలు హోమ్‌వర్కు చేయకపోయినా ఫరవాలేదు. ఎక్కడున్నారో తెలియడమే ముఖ్యము.

తరగతిలో చర్చించండి: మీ ఇంటిలో నెలకు ఎన్ని రోజులు డబ్బు మాటలే భోజనము దగ్గర సాగుతున్నాయి? అదనపు డ్యూటీ వలన వచ్చే రూపాయలు ఎన్ని, దాని వలన పిల్లలతో పోయే గంటలు ఎన్ని? ఆ రాబడి లేకుంటే ఇల్లు గడవనివారు ఎవరు, గడిచేవారు ఎవరు? మీ సంఘములో సాయంత్రము వేళ ఒంటరిగా ఉండే పిల్లలు ఎందరో పేరు పేరున వ్రాసి చూడండి.