పేపర్లు కలిసి దిద్దుకుందాం

బళ్ళారి జిల్లా ప్రభుత్వ బడుల్లోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇక్కడి చాలా పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. హద్దు మారింది గానీ ఇళ్ళలో మాట మారలేదు. అందుకని ఇక్కడ పిల్లవాడు పరీక్షలో తప్పు రాస్తే, వాడికి పాఠమే రాలేదా, పాఠం వచ్చి రాసే భాష రాలేదా అన్నది ఏ అయివారూ ఒంటరిగా తేల్చలేరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఏమైనా చెప్పండి సార్ అని అడుగుతుంటారు. వాళ్ళకోసం ఈ ఏడు మాటలు.

1. మార్కుల పట్టీ కాదు, జవాబు పేపర్లు తెచ్చుకోండి

చుట్టుపక్కల బడుల అయివార్లు కలిసే క్లస్టర్ సమాలోచన సభకు ప్రతి బడీ మార్కుల పట్టీ తెస్తుంది. దాన్ని చూస్తే ఎవరు వెనకబడ్డారో తెలుస్తుంది, ఎందుకు వెనకబడ్డారో తెలియదు. ఒకసారి మా పక్క ఊళ్ళ అయివార్లు, నేను నాలుగో తరగతి లెక్కల పేపర్లు ముందు వేసుకుని కూర్చున్నాం. 52లోంచి 27 తీసేయమంటే మూడు బడుల్లోనూ చాలామంది 35 అని రాశారు. ఎవరి బడిలో వాళ్ళం చూసుకున్నప్పుడు అది అజాగ్రత్త అనుకున్నాం. మూడు బడుల పేపర్లు పక్కపక్కన పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది. పిల్లలు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. వాళ్ళ లెక్క ప్రకారం అది తప్పే కాదు. వాళ్ళ మనసులో ఒక సూత్రం స్థిరపడింది, ఆ సూత్రం తప్పు. అలాంటి పిల్లవాడికి అవే లెక్కలు ఇంకో పది ఇచ్చి చేయించామంటే ఆ తప్పు సూత్రమే గట్టిపడుతుంది. పుల్లల్ని పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పితే తప్ప 7 తీయడం కుదరదని చేతులతో చేయించాక దారిలో పడ్డారు.

పై తరగతుల్లోనూ ఇలాంటివి దొరుకుతాయి. 0.4 కన్నా 0.35 పెద్దదని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు, ఎందుకంటే 4 కన్నా 35 పెద్దది. నలభై పైసలు ఎక్కువా, ముప్పై అయిదు పైసలు ఎక్కువా అని అడిగితే చాలామంది తమంతట తామే సర్దుకుంటారు. అయితే తప్పు వెనక ఉన్న ఆలోచన అయివారికి కనపడాలి. అది కనపడడానికి ఒక జత కళ్ళు చాలవు.

2. సున్నా వేసేముందు ఇంటి భాషలో ఒక్కసారి అడగండి

అయిదో తరగతి పిల్ల ఒకతె, కూలి లెక్క మీద వచ్చిన ప్రశ్నకు జవాబు రాయకుండా తెల్ల కాగితం వదిలేసింది. లెక్కల సారు దక్షిణ కర్ణాటక నుంచి వచ్చినవారు, తెలుగు రాదు. పక్క తరగతి టీచరమ్మ ఆ పిల్లను పిలిచి, "ఏమ్మా, మీ అమ్మకు రోజుకింత కూలి అయితే వారానికెంత, అందులో అంగడికి కట్టింది పోతే మిగిలేదెంత?" అని తెలుగులో అడిగింది. ఆ పిల్ల వేళ్ళు కూడా మడవకుండా చెప్పింది. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాలేదు.

అలాగని కన్నడం నేర్పకుండా వదిలేయమనడం లేదు. ఆ పిల్ల రేపు ఎస్.ఎస్.ఎల్.సి. కన్నడంలోనే రాయాలి, ఆ భాష ఆమెకు గట్టిగా రావాలి. నేను చెప్పేది లెక్కల మాస్టరు, కన్నడ మాస్టరు కలిసి కూర్చోవాలని. "నా ప్రశ్నల్లో ఈ మాటల దగ్గర పిల్లలు ఆగిపోతున్నారు" అని ఒకరు చెబితే, రెండోవారు ఆ మాటల్ని వచ్చే వారం తన పాఠంలోకి తెస్తారు. మూల్యాంకన పుస్తకంలో రెండు గళ్ళు పెట్టుకోండి: విషయం వచ్చిందా, దాన్ని కన్నడంలో రాయగలదా. రెంటినీ ఒకే మార్కులో కలిపేస్తే పిల్లకు అన్యాయం జరుగుతుంది.

ఇందుకు చట్టం కూడా మన వైపే ఉంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో నిరంతర సమగ్ర మూల్యాంకనం, వీలైనంత వరకు మాతృభాషలో బోధన ఒకే వరుసలో ఉన్నాయి. ఆ రెండూ ఒకే జాబితాలో ఉండడం సరిహద్దు జిల్లా అయివారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

3. మన జిల్లాకు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం కొత్తది కాదు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్క తీయమంటే, బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే. అప్పటి జిల్లా ఇప్పటికన్నా చాలా పెద్దది. అందులో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. దాదాపు సమానం! ఆడపిల్లలు మాత్రం 60 మందే. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ముందు నేర్చిన పిల్లలు వెనక వచ్చినవాళ్ళకు నేర్పడం, నేర్పుతూ తమ చదువును గట్టి చేసుకోవడం ఆ బడుల్లో కలెక్టరుకు బాగా నచ్చింది. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. చదివించే పుస్తకాలు బాగాలేవని, సమర్థులైన అయివార్లు కొరవడ్డారని కూడా అదే నివేదికలో రాశాడు. పిల్లలు ఒకరికొకరు నేర్పుకునే ఏర్పాటు ఉంది గానీ అయివార్లకు అలాంటి ఏర్పాటు కనపడదు. సగటున పన్నెండుమంది పిల్లలతో ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చునేవారు. రెండు వందల ఏళ్ళ తరవాత కూడా మనలో చాలామందిమి అలాగే కూర్చుంటున్నాం.

4. పక్క రాష్ట్రం నుంచి నేర్చుకోవడానికి మొహమాటపడకండి

ఆడుతూ పాడుతూ నేర్చుకునే నలి కలి పద్ధతి మన కర్ణాటక బడులకు ఎలా వచ్చిందో కొత్తవారికి తెలియదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులు, అభ్యాస నిచ్చెన తయారుచేశారు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ప్రభుత్వ టీచర్లు అక్కడికి వెళ్ళి, కూర్చుని చూసి, తిరిగివచ్చి తమ పిల్లలకు తగినట్టు కన్నడంలో తామే కార్డులు రాసుకున్నారు. అది 1995. తరవాత రాష్ట్రమంతటికీ పాకింది. తెలుగు నేలమీద పుట్టిన పద్ధతి కన్నడ టీచర్ల చేతుల్లో పెరిగి పెద్దదయింది.

అందులో మూల్యాంకనం వేరే పండగలా రాదు. నిచ్చెనలో ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య అదీ ఒక కార్డే. పిల్లవాడు దాటితే ముందుకు పోతాడు, దాటకపోతే సాధన చేస్తాడు. మిరప కోతలకు తల్లిదండ్రుల వెంట వెళ్ళి వచ్చిన పిల్ల, ఆపిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన జిల్లాకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా? అయితే కార్డులు పైనుంచి అచ్చయి దిగుతున్నాయి గనక వాటిని మార్చకూడదనుకునే టీచర్లు ఉన్నారు. మొదట రాసింది టీచర్లేనని గుర్తుంచుకుని, మీ పిల్లల కోసం పది కార్డులు మీరూ కలిసి రాయండి.

5. పాఠం చూడడానికి వెళ్తే పిల్లల్ని చూడండి

ఒకరి తరగతికి ఇంకొకరు వెళ్ళడమంటే మనవాళ్ళకు తనిఖీ గుర్తొస్తుంది. వెళ్ళినవారు వెనక బెంచీలో కూర్చుని అయివారి గొంతు, బోర్డు మీద రాత, లెసన్ ప్లాను చూస్తారు. జపానులో టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు పిల్లల పక్కన నిలబడి వాళ్ళేం రాస్తున్నారో, ఎక్కడ ఆగారో రాసుకుంటారు. తరవాత పాఠాన్ని సరిదిద్దుతారు. పాఠం అందరిదీ కాబట్టి అక్కడ ఎవరి పరువూ పోదు. ఇద్దరే టీచర్లున్న బడిలో కూడా నెలకొకసారి ఇది సాధ్యమే.

6. ఒక పేపరు ఇద్దరు దిద్దండి

ఎఫ్.ఎ. (నిర్మాణాత్మక), ఎస్.ఎ. (సంగ్రహణాత్మక) పరీక్షలు ఎన్ని పెట్టినా, ఎవరి కొలత వారిదే అయితే ఆ మార్కుకు విలువ లేదు. నాలుగు మార్కుల జవాబును ఇద్దరు విడివిడిగా దిద్దండి. ఒకరు నాలుగు, ఒకరు రెండు వేస్తే గొడవ పడకండి, దేనికి వేశారో చెప్పుకోండి. ఒకరు విషయానికి వేసి ఉంటారు, ఒకరు దస్తూరికి వేసి ఉంటారు. ఏ మార్కు దేనికో ప్రశ్న రాసేటప్పుడే కలిసి నిర్ణయించుకుంటే ఈ తేడా చాలావరకు పోతుంది. మార్కు దేనికో తెలిస్తేనే దాన్ని చూసి బోధన మార్చుకోగలం. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం ఎన్నో పరిశోధనల్ని వడబోసి 1998లో తేల్చింది ఏమిటంటే: పరీక్ష ఫలితం చూసి బోధన మార్చుకున్నచోట పిల్లలు బాగుపడతారు, వెనకబడ్డవాళ్ళు ఇంకా ఎక్కువ బాగుపడతారు.

7. సభలో పాఠానికి ఒక గంట కాపాడుకోండి

సర్క్యులర్లు చదవడంతో, లెక్కలు అప్పజెప్పడంతో పూట గడిచిపోయిన సభల్లో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆ పనులూ కావాలి. కానీ మొదటి గంట పాఠానికి ఇవ్వాలని క్లస్టరు బడుల్ని చూసే సి.ఆర్.పి.ని అందరూ కలిసి అడగండి. సరిహద్దుకు అవతల, 1980లలో బ్రిటిషు సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్లకు ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. తామే తయారుచేసిన బోధనోపకరణాలు తెచ్చి, తోటివారి ముందు పాఠం చెప్పి చూపించాలన్నది వాటి ఉద్దేశం. పథకాలు వస్తాయి, పోతాయి. ఆ అలవాటు నిలుపుకోవడం మన చేతిలో ఉంది.

వచ్చే సమాలోచన సభకు మీ తరగతి నుంచి అయిదు పేపర్లు మార్కులు వేయకుండా తీసుకెళ్ళండి. పేరు కనబడకుండా పై అంచు మడవండి. పక్క బడి అయివారి ముందు పెట్టి, ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసిందంటారు అని అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకుని, మర్నాడు ఆ పిల్లనే పిలిచి అడగండి.