పెంపుడు కుక్క – యజమాని బాధ్యత

చల్లకు వచ్చిన పొరుగింటి పిల్లను మన వాకిట కుక్క కరచినది. "ముట్టుకొన్నందున కరచినది, మా తప్పేమి?" అనుట కద్దు. ఆ మాటతో బాధ్యత తీరదు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన జంతువు వలన మనుష్యుల ప్రాణమునకు గాని, తీవ్ర గాయమునకు గాని అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త వహింపని వానికి ఆరు మాసముల వరకు ఖైదు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఇదిగాక గాయపడినవారు నష్టపరిహారమునకై సివిలు కోర్టులో దావా వేయవచ్చును.

ఇంటికి బీమా యున్నదని కొందరు ధైర్యపడుదురు. 2021 ఏప్రిల్ 1 నుండి వచ్చిన 'భారత్ గృహ రక్ష' బీమా ఇంటికి, సామానుకు కలుగు నష్టమునకే గాని, పరులను కుక్క కరచినందుకు కాదు. పరుల నష్టమును భరించు బీమా వేరు. దానిని తీసుకొనునప్పుడు కుక్కకాటు అందులో చేరినదో లేదో చదివించుకొనవలెను.

ఐనను ఏ బీమాయు పోయిన ప్రాణమును తేజాలదు. రేబీస్ లక్షణములు కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము. కావున కాటుపడిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడుగవలెను. పసరు, కారము పూయరాదు. వెంటనే ఆసుపత్రిలో టీకా వేయించవలెను. కుక్కను చంపక 10 దినములు కట్టి గమనింపవలెను. కాని టీకాకై అంతవరకు ఆగరాదు.

కుక్కకు ఏటేట టీకా వేయించుడని, జనము తిరుగు వేళ గొలుసుతో కట్టుడని గ్రామస్థులకు మా మనవి.